గోదావరి డెల్టాలో పాత గుళ్ళు, దిబ్బలు, రేవులు: ఎండాకాలంలో బ్యాగు తగిలించుకుని ఎలా తిరగాలి

హంపి చూసిన కళ్ళతో గోదావరి డెల్టాకి రాకండి. ఇక్కడ ఉన్నదంతా ఒండ్రు నేల. రాయి కావాలంటే పైనున్న మెరక ప్రాంతం నుంచి మోసుకురావాల్సిందే. అందుకే రాతితో కట్టినవి గుళ్ళుగా నిలిచాయి, ఇటుకతో కట్టినవి దిబ్బలయ్యాయి, ఏటి ఒడ్డున కట్టినవాటిలో చాలావాటిని ఏరే తినేసింది. గుడి, దిబ్బ, రేవు అనే ఈ మూడింటినీ వెతుక్కుంటూ తిరిగితే డెల్టా చాలా చూపిస్తుంది. కూలిన కోటల కోసం వెతికితే రెండో రోజుకే విసుగొస్తుంది.

ముందు కార్తె చూసుకోండి

దాళ్వా కోతలు అయిపోయి చేలు ఖాళీ అయ్యాక బయల్దేరండి. ఏప్రిల్ చివర నుంచి మే మూడో వారం దాకా బాగుంటుంది. ఆ రోజుల్లో చేల మధ్య ఉన్న గుడి దగ్గరికి గట్టు వెంట కాదు, తిన్నగా చేలోంచే నడిచి వెళ్ళొచ్చు. సార్వా ఊడ్పుల తర్వాత వస్తే అదే గుడిని మోకాలి లోతు బురదకి ఇవతల నిలబడి చూడాలి. ఇంకో లాభం కూడా ఉంది. పంచారామాలకి కార్తీక మాసంలో బస్సుల మీద బస్సులొస్తాయి, శిల్పం ముందు ఒక నిమిషం నిలబడనివ్వరు. మే నెలలో అవే గుళ్ళలో మీరూ, అర్చకుడూ, పావురాలూ తప్ప ఎవరూ ఉండరు.

రోహిణి కార్తె జోలికి మాత్రం పోకండి. రోళ్ళు పగిలే ఎండ అని ఊరికే అనలేదు. మే 25 దగ్గర మొదలై జూన్ మొదటి వారం దాటేదాకా ఉంటుంది. ఆ రోజుల్లో పొద్దున్న తొమ్మిదికే వడగాలి మొదలవుతుంది.

కాలువల్లో ఈత కొడదామనుకుంటే ఆశ వదులుకోండి. దాళ్వా అయ్యాక కాలువలు కట్టేస్తారు.

బ్యాగు

పెద్ద బ్యాగు లాడ్జిలో వదిలేసి, చిన్న సంచితో తిరగండి. అందులో రెండు లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్ పొట్లాలు, గొడుగు, తడిపి మెడకి చుట్టుకోవడానికి ఓ తువ్వాలు, టార్చిలైటు, చిల్లర ఉండాలి. షేర్ ఆటోల్లో, ఏరు దాటించే పంటు (పెద్ద పడవ) మీద ఐదొందల నోటు తీస్తే మొహం చిట్లిస్తారు.

మందపాటి కాటన్ సాక్సులు రెండు జతలు మర్చిపోవద్దు. గుడి ప్రాకారంలో బండలు పదకొండింటికే కాళ్ళు మాడ్చేస్తాయి. పెద్ద గుళ్ళలో గోనె పట్టాలు పరిచి నీళ్ళు చల్లుతారు గానీ అవి దర్శనం దారికే. మీరు చూడాలనుకునే శిల్పాలు గోడ వెనకవైపు ఉంటాయి, అక్కడ పట్టా ఉండదు. సాక్సులకి చాలా చోట్ల అభ్యంతరం చెప్పరు, అయినా ఒక మాట అడిగి వేసుకోండి. దిబ్బల మీద మాత్రం బూట్లే. పొదల్లో పురుగూ పుట్రా ఉంటాయి.

రోజుని రెండు ముక్కలు చేయండి

ఐదున్నరకి లేచి పది లోపు ఒక పూట ముగించాలి. సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా రెండో పూట. మధ్యలో ఎక్కడికీ కదలొద్దు. గుళ్ళు కూడా మధ్యాహ్నం పన్నెండు దాటాక మూసేస్తారు, మళ్ళీ మూడు నాలుగింటికే తెరుస్తారు. ఆ ఖాళీలో అన్నదానం ఉన్న గుడి అయితే అక్కడే భోంచేసి సత్రం అరుగు మీద నడుం వాల్చండి. తాటి ముంజలూ కొబ్బరి బోండాలూ ఉన్నంతవరకు డెల్టాలో దాహానికి లోటు లేదు. రామచంద్రపురం వైపు వెళ్తే అక్కడి ఆర్టోస్ సోడా తాగి తీరాలి. పులస కోసం మాత్రం ఎవరినీ అడక్కండి, అది వరద నీటి చేప. ఎండాకాలంలో పులస అని ఎవరైనా పెడితే అది పులస కాదు.

మే సాయంత్రాల్లో ఒక్కసారిగా మబ్బేసి ఈదురుగాలి, పిడుగులు వస్తాయి. అప్పుడు తాడిచెట్టు, కొబ్బరిచెట్టు కింద నిలబడొద్దు. పక్కా ఇంటి పంచలోకి వెళ్ళి నిలబడితే ఈ ప్రాంతంలో ఎవరూ ఏమనరు, మంచినీళ్ళు కూడా ఇస్తారు.

రాజమండ్రిలో మొదలుపెట్టండి

రైళ్ళు, లాడ్జీలు అన్నీ ఇక్కడే సులువు. తూర్పు చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడై, నన్నయ చేత భారతం తెలుగు చేయించిన ఊరు ఇది. ఆ కోట ఏదని అడిగితే కోటగుమ్మం సెంటర్ చూపిస్తారు. అక్కడ మిగిలింది పేరూ, ట్రాఫిక్కూ. మెయిన్ రోడ్డు మీద పెద్ద మసీదు గుమ్మానికి 1324 నాటి పర్షియన్ శాసనం ఉంది. నమాజు వేళ కాకుండా, అక్కడున్న పెద్దవాళ్ళని అడిగి చూడండి. ఏటిగట్టు మీద రాళ్లబండి సుబ్బారావు పేరుతో ఉన్న మ్యూజియం చిన్నదే గానీ మొదట చూడాల్సింది అదే. 1922లో ఇదే ఊళ్ళో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టినవారిలో ఆయన ముఖ్యులు. తూర్పు చాళుక్య శిల్పం ఎలా ఉంటుందో ఇక్కడ ఒకసారి కళ్ళకి అలవాటు చేసుకుంటే తర్వాత పొలాల్లో తేలిగ్గా పోల్చుకుంటారు.

సాయంత్రం ధవళేశ్వరం వెళ్ళండి, సిటీ ఆటో చాలు. గోదావరి గౌతమి, వశిష్ఠగా చీలేది ఇక్కడే. ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా కట్టారు. ఇప్పుడు కనిపించేది దాని బదులు 1970ల్లో మొదలుపెట్టి 1982కి పూర్తి చేసిన బ్యారేజీ. పక్కనే కాటన్ మ్యూజియం. ఈ ఆనకట్ట ముందు డెల్టా ఎలా ఉండేదో తెలుసుకోకుండా కింది ఊళ్ళకి వెళ్తే సగమే అర్థమవుతుంది. ఒకవైపు కరువు, ఇంకోవైపు ఉప్పెన, మధ్యలో వరద. ఇన్ని మింగిన నేల మీద వెయ్యేళ్ళ గుడి నిలబడిందంటే అది మామూలు విషయం కాదు. తిరిగొచ్చేటప్పుడు 1897 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచిన హేవలాక్ వంతెనని గట్టు మీంచి చూడండి.

బిక్కవోలుకి ఒక పూట పూర్తిగా ఇవ్వండి

నన్నడిగితే ఈ యాత్ర మొత్తంలో ఒక్క ఊరే చూడాలంటే బిక్కవోలే. రాజమండ్రి నుంచి సామర్లకోట వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కితే ఊళ్ళోనే దిగొచ్చు. అదే వంశపు రాజు గుణగ విజయాదిత్యుడు 9వ శతాబ్దంలో ఏలిన కాలానికీ ఈ ఊరికీ లంకె ఉంది. ఊళ్ళో గోలింగేశ్వరుడి గుడి చుట్టుపక్కల కొన్ని పాత గుళ్ళు పూజల్లో ఉన్నాయి. ఊరి బయట చేలల్లో మరో మూడు పాతవి ఉన్నాయి: కంసారగుడి, నక్కలగుడి, వీరలగుడి. ముందు బయటివి చూడండి, ఎండెక్కకముందే.

దారి అడిగేటప్పుడు ‘పురావస్తు శాఖ కట్టడం ఎక్కడ’ అంటే ఎవరికీ తెలియదు. ‘బాబాయి గారూ, చేలోని పాత గుడి ఎటండీ?’ అనండి. ‘ఆయ్, అలా తిన్నగా ఎల్లి బోరు కాడ తిరగండి’ అని చెప్పడమే కాదు, కుర్రాణ్ణి తోడిచ్చి పంపినా పంపుతారు.

గుడి దగ్గరికి వెళ్ళగానే లోపలికి దూరకండి. చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి గోడ చూడండి. గోడ మీద సన్నని అర్ధస్తంభాలు, వాటి మధ్య గూళ్ళు. గూటి పైన మకర తోరణం. రెండు పక్కలా నోరు తెరిచిన మకరాలు, వాటి నోళ్ళలోంచి పూలదండలా వంపు తిరిగి మధ్యకి చేరే రాతి తీగ. పొద్దున్న ఏడింటికి ఎండ వాలుగా తగిలినప్పుడు మకరం పళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. అదే పదింటికి చూస్తే గోడంతా ఒకే బూడిద రంగు. పైన విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం, అంతస్తులుగా చిన్నదవుతూ పోతుంది. ఇక్కడి పనితనం చూశాక సామర్లకోట, ద్రాక్షారామం గోడలు బోసిగా అనిపిస్తాయి, వాటి గొప్ప వేరే. తిరిగొచ్చేటప్పుడు ఊళ్ళో ఏకశిల వినాయకుణ్ణి చూడండి. కోరిక ఆయన చెవిలో చెప్పుకోవడం ఇక్కడి ఆనవాయితీ.

సామర్లకోట, పిఠాపురం

సామర్లకోట కుమారారామం చాళుక్య భీముడి పేరు మీద ఉన్న గుడి. పురావస్తు శాఖ చూసుకుంటుంది కాబట్టి రంగులు, టైల్సు, రేకుల షెడ్లు తక్కువ. శివలింగం 14 అడుగుల ఎత్తు, కింది అంతస్తులోంచి పై అంతస్తు నేలని చీల్చుకుని వస్తుంది. కింద పాదం చూసి, మెట్లెక్కి పైన శిరస్సు చూడాలి. పైకి వెళ్ళకుండా వచ్చేసేవాళ్ళు చాలామంది. చైత్ర వైశాఖాల్లో పొద్దుటి ఎండ స్వామి పాదాల మీద పడుతుందని చెబుతారు, మీరు వెళ్ళేది ఆ నెలల్లోనే కాబట్టి తెల్లారేసరికి అక్కడ ఉండండి.

పిఠాపురం అక్కడికి దగ్గరే. దీని పాత పేరు పిష్టపురం. సముద్రగుప్తుడి అలహాబాద్ స్తంభ శాసనంలో పిష్టపుర మహేంద్రుడు ఉన్నాడు. రెండో పులకేశి ఈ కోటని పట్టుకున్న సంగతి 634 నాటి ఐహొళె శాసనంలో ఉంది. అంత పాత రాజధానిలో ఇప్పుడు చూడగలిగేది కుక్కుటేశ్వరుడి గుడి, పాదగయ కోనేరు, పురూహూతికా అమ్మవారు. మీకు దిబ్బల మీద ఆసక్తి ఉంటే అక్కడి నుంచి కొడవలి ధనం దిబ్బలకి ఆటో మాట్లాడుకోండి. శాతవాహన రాజు చండసాతి శాసనం దొరికిన బౌద్ధ స్థలం. ధనం అన్న పేరుకి ఆశపడి తవ్వినవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. మీకు ఒక్క పెంకు దొరికినా ఉన్నచోటే పెట్టేయండి. నేలలో దొరికిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి చెప్పాలని 1878 నాటి చట్టమే ఉంది. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా పడొచ్చు. పురావస్తు శాఖ నీలం బోర్డు కనిపించిన చోట గోడ మీద పేరు గీకే సరదా ఉన్న స్నేహితుణ్ణి వెంట తేకండి.

యానాం మీదుగా ద్రాక్షారామం

రాత్రి కాకినాడలో పడుకుని పొద్దున్నే తాళ్ళరేవు వైపు బస్సెక్కండి. దారిలో కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు, 1839 ఉప్పెన దాన్ని ఊడ్చేసింది. ఇప్పుడు మడ అడవిలో చెక్క వంతెన మీద నడుస్తూ ఇక్కడ ఓడలు ఆగేవంటే నమ్మబుద్ధి కాదు. యానాం ఫ్రెంచివాళ్ళు 1723లో మొదలుపెట్టిన స్థావరం, 1954 దాకా వాళ్ళ చేతిలో ఉంది. 1846 నాటి సెయింట్ ఆన్స్ చర్చి, గౌతమి ఒడ్డు చూసుకుని బయల్దేరిపోవచ్చు. ఒక్క హెచ్చరిక: అక్కడ మందు చవక అని సీసాలు బ్యాగులో సర్దుకోకండి. పుదుచ్చేరి సరిహద్దు దాటగానే ఆంధ్రా చెక్‌పోస్టు ఉంది.

ద్రాక్షారామంలో రాత్రి ఉండేలా చూసుకోండి. శ్రీనాథుడు భీమఖండం చెప్పిన భీమేశ్వరుడు ఈయనే. ఇక్కడ చూడాల్సింది శాసనాలు. మండపం స్తంభాల మీద, గోడల మీద వరసలు వరసలుగా ఉంటాయి. చదవలేమని దాటి వెళ్ళిపోకండి, కొన్ని మాటలు పట్టుకుంటే చాలు. మొదట్లో ‘స్వస్తి శ్రీ’ వెతకండి. ఆ ‘శ్రీ’ ఇప్పటి శ్రీకి పోలికగానే ఉంటుంది. తర్వాత ‘శకవర్షంబులు’ అన్న మాట, దాని దగ్గర ఏడాది. శక సంవత్సరానికి 78 కలిపితే మన లెక్క వస్తుంది. చాలా శాసనాల్లో సంగతి ఒకటే: ఫలానావారు స్వామికి అఖండ దీపం పెట్టించి, నెయ్యి కోసం ఆవులనో గొర్రెలనో ఇచ్చారు. రాజరాజ నరేంద్రుడి కొడుకు కులోత్తుంగ చోళుడి కాలంవి ఇక్కడ బోలెడు. రాజులే కాదు, వాళ్ళ కింది ఉద్యోగులు, ఆడవాళ్ళు కూడా ఇచ్చినవారిలో ఉన్నారు.

అక్షరాలు సరిగా కనబడకపోతే టార్చిని ఎదురుగా వేయకండి. స్తంభానికి ఆనించినట్టు పక్కనుంచి వేస్తే గాడి నీడ పడి అక్షరం లేచి వస్తుంది. సుద్దముక్క రాయడం, నీళ్ళు పోయడం, గోటితో గీకడం వద్దు. గర్భగుడి వైపు లైటు, కెమెరా తిప్పకండి.

పంటు దాటి కోనసీమ

ద్రాక్షారామం నుంచి కోటిపల్లి, అక్కడ గౌతమి దాటితే ముక్తేశ్వరం. పంటు తిరుగుతోందో లేదో ముందు రోజే అడగండి. తిరగకపోతే యానాం–ఎదుర్లంక వంతెన మీదుగా బస్సులో అమలాపురం చేరొచ్చు. అమలాపురంలో మకాం పెట్టి రెండు చోట్లు చూడండి.

ఒకటి పి.గన్నవరం అక్విడెక్టు. వైనతేయ అనే గోదావరి పాయ మీదుగా కాలువని దాటించడానికి 1850ల తొలినాళ్ళలో హేగ్ అనే ఇంజనీరు 49 ఆర్చీలతో కట్టించాడు. కింద ఏరు, పైన కాలువ. పక్కనే వచ్చిన కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు, అడిగినవాడికల్లా అన్నం పెట్టిన ఈ లంకల గన్నవరం ఇల్లాలి పేరు. ఎండాకాలంలో ఏరు తగ్గి ఉంటుంది కాబట్టి ఒడ్డున దిగి ఆర్చీలని కిందనుంచి చూడటం తేలిక. పోటు సమయం మాత్రం అక్కడి జాలర్లని అడిగి దిగండి.

రెండోది ఆదుర్రు. మామిడికుదురు మండలంలో, అదే వైనతేయ ఒడ్డున. ఇటుకల బౌద్ధ స్తూపం అడుగుభాగం మిగిలింది. ఊళ్ళో దుబరాజు గుడి అంటేనే తెలుస్తుంది. కొబ్బరితోటల మధ్య ఇంత చిన్న స్థలమా అనుకుంటారు. తొందరపడకుండా చుట్టూ తిరగండి. గుండ్రటి కట్టడం, నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికల ఆనవాళ్ళు పోల్చుకోండి. ఒక ఇటుక పక్కన మీ అరచెయ్యి పెట్టి చూడండి, ఇప్పటి ఇటుక కంటే ఎంత పెద్దదో తెలుస్తుంది. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళ్తూ ఇక్కడ ఆగిందని చెబుతారు, దాన్ని కథగా వినండి.

నరసాపురం, పాలకొల్లు, భీమవరం

రాజోలు మీదుగా సఖినేటిపల్లి రేవుకి వెళ్ళి పంటు ఎక్కితే వశిష్ఠ అవతల దిగేది నరసాపురం మాధవాయిపాలెంలో. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు ఓడలు కట్టించుకున్న చోటు అది. అక్కడి నుంచి ఎగుమతైన నూలు బట్టని ఇంగ్లండులో ఈ ఊరి పేరుతోనే పిలిచేవారు. ఆ ఫ్యాక్టరీ వెతక్కండి, ఏరు తీసుకుపోయింది. పంటు మీదే నిలబడి ఒడ్డు ఎలా కోసుకుపోతోందో చూడటమే ఇక్కడ చూడాల్సింది. పంటు ఆగిపోయి ఉంటే దిండి దగ్గర చించినాడ వంతెన దారి ఉంది. ఊళ్ళో డచ్చివాళ్ళ పేరు మోస్తున్న వలంధర రేవు, లేసు అల్లే ఆడవాళ్ళ ఇళ్ళు చూడండి. లేసు నేరుగా వాళ్ళ దగ్గరే కొంటే వాళ్ళకీ మీకూ మంచిది.

పాలకొల్లు క్షీరారామం గోపురం తొమ్మిది అంతస్తులు, 120 అడుగులు. సాయంత్రం ఎండలో చూడండి. భీమవరం గునుపూడి సోమారామంలో లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి ముదురు రంగులో ఉంటుందంటారు. అందుకని తిథి చూసుకుని వెళ్ళేవాళ్ళున్నారు. భీమవరంలో రైళ్ళు బోలెడు.

ఇంకో రోజు చేతిలో ఉంటే

ఏలూరు వెళ్ళండి. పక్కనే పెదవేగి. శాలంకాయన రాజులకీ, తర్వాత తూర్పు చాళుక్యులకీ రాజధాని అయిన వేంగి ఇదే. పురావస్తు శాఖ తవ్విన దిబ్బ తప్ప రాజధాని అనడానికి ఏమీ కనిపించదు, అయినా ఇన్ని రోజులుగా ఆ చాళుక్యుల గుళ్ళు చూసినవాళ్ళు ఆ ఊరికి వెళ్ళకుండా ఎలా ఉంటారు. అక్కడి నుంచి కామవరపుకోట దగ్గర గుంటుపల్లి. ఇది డెల్టా దాటిన మెరక, కాబట్టి ఇక్కడ కొండలున్నాయి, కొండలో తొలిచిన బౌద్ధ గుహలున్నాయి. క్రీస్తుకి ముందు నాటి గుండ్రటి చైత్యం కప్పు మీద, చెక్క ఇంటి దూలాల్లాగే రాతిలో దూలాలు చెక్కారు. ఏలూరు నుంచి 40 కిలోమీటర్ల దాకా ఉంటుంది. తిరుగు బస్సు టైము ముందే కనుక్కోండి, లేదా పొద్దున్నే ఆటోని రానూ పోనూ మాట్లాడుకోండి. మెట్లెక్కాక పైన నీడ తక్కువ, కొట్లు ఉండవు. నీళ్ళు కిందే నింపుకుని, తొమ్మిదిన్నరకల్లా దిగిపోయేలా వెళ్ళండి.